ముందువరస మొక్క

అర్జీ పట్టుకుని ఆఫీసుకి వచ్చే మనిషికి కోపం ఎందుకొస్తుందనే విషయం మీద పైవాళ్ళు చాలాకాలం ఆలోచించారు. అర్జీ మీద పని జరగకపోవడం వల్లనేమో అని కొందరు పాతకాలపు మనుషులు అన్నారట గానీ, దానికి ఆధారాలు దొరకలేదు. చివరికి ఎక్కడో చలిదేశంలో ఎవరో పండితులు లెక్కకట్టి తేల్చారు. ఎదురుగా ఒక గాజుతొట్టి పెట్టి, అందులో నాలుగు చేపలూ కాసిని పచ్చటి మొక్కలూ ఉంచి, మనిషిని పదినిమిషాలు కూర్చోబెడితే కోపం అరవై రెండు శాతం తగ్గుతుందని. ఇంకేముంది, వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. దాని పేరు అర్జీదారుల ఆగ్రహ నివారణ పథకం.

నేను పెదగరువు మండలం తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. పేరు సత్తిరాజు. పద్నాలుగేళ్ళుగా జూనియర్‌నే. ఈ పద్నాలుగేళ్ళలో నాకు వంటబట్టింది ఒక్కటే విషయం: ఆఫీసులో తెలిసినవాడు చెప్పకూడదు, చెప్పే హోదా ఉన్నవాడికి తెలియక్కర్లేదు. ఈ గొడవంతా నేను ఆ సూత్రాన్ని నిష్ఠగా పాటించడం వల్లే జరిగింది కాబట్టి, ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటున్నాను.

తొట్టి వచ్చింది. నాలుగడుగుల పొడవు. వరండాలో అర్జీదారుల బెంచీకి ఎదురుగా పెట్టాం. పక్కనే ఒక రిజిస్టరు: పేరు, ఊరు, చూడకముందు కోపం, చూశాక కోపం, కారణం. పదినిమిషాలు తొట్టిని చూసినవాళ్ళనే లోపలికి పంపాలని నిబంధన. మొదటివారమే గుణం కనిపించింది. పదినిమిషాలు కూర్చున్నాక సగంమంది లోపలికి రాకుండా లేచి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళందరికీ కోపం పూర్తిగా తగ్గినట్టు రాసుకున్నాం.

చిక్కల్లా మొక్కల దగ్గర వచ్చింది. తొట్టిలో మొక్కలు మూడు వరసలుండాలట. వెనకవరస పొడుగువి, నడిమివరస మధ్యరకంవి, ముందువరస నేలకి అంటుకుని పరుచుకునే పొట్టివి. మొదటి రెండు రకాలూ రాజమండ్రిలో చేపల కొట్టువాడే ఇచ్చేశాడు. ముందువరస గురించి మాత్రం ఉత్తర్వులో ఇలా ఉంది: "జీవము గలదియు, స్వదేశీయమును, రెండంగుళములకు మించని ఎత్తు గలదియు, జతపరచిన చిత్రములో చూపబడినదియు అగు మొక్కను గుర్తించి, సేకరించి, నాటవలెను."

ఆ చిత్రం రాజధానిలో బయల్దేరినప్పుడు రంగుల ఫొటోనేనట. జిల్లాకి జిరాక్సుగా వచ్చింది, డివిజనుకి ఆ జిరాక్సుకి జిరాక్సుగా వచ్చింది, మా దగ్గరికి వచ్చేసరికి అరచెయ్యంత నల్లమచ్చయింది. మచ్చ కింద ఏదో లాటిన్ పేరుంది గానీ, సరిగ్గా దానిమీదే ఫైలు కన్నం పడింది.

మా తహసీల్దారు కాళ్ళకూరి సోమసుందరం గారు మంచివారు. కాగితం మీద ఏముంటే అది నమ్మే మనిషి. కాగితం మీద మచ్చ ఉంటే మచ్చనే నమ్ముతారు.

"సత్తిరాజూ, ప్రభుత్వం వారు మనకి నల్లమచ్చ పంపించారంటే అది నల్లమచ్చ అని అర్థం కాదు. అది మొక్క. చూసే దృష్టి మనం అలవరచుకోవాలి" అన్నారు.

దృష్టి అలవరచుకోడానికి కమిటీ వేశారు. సర్వేయరు గోవిందస్వామి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ధనకోటి, రాయడానికి నేను. గోవిందస్వామి స్కేలు తీసి మచ్చని పొడవూ వెడల్పూ కొలిచి, నాలుగు దిక్కులూ వేసి, హద్దులు గీశాడు. ధనకోటి దాన్ని తలకిందులు చేసి చూసి, "కొత్తిమీర" అన్నాడు. ఆయనకి ఆ పూట ఇంట్లో కొత్తిమీర తెమ్మన్నారనే సంగతి నాకు తెలుసు. అయినా నేను చెప్పలేదు. "కొత్తిమీర అని కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది" అని రాశాను.

కొత్తిమీర నాటాం. మూడోరోజుకి వరండా అంతా చారు వాసన. అర్జీదారులకి కోపం తగ్గడం మాట అటుంచి ఆకలి పుట్టింది. తరవాత పుదీనా వేశాం, దాన్ని చేపలు ఒప్పుకోలేదు. గరిక వేశాం, అది బతికింది గానీ వారానికే ఆరంగుళాలు లేచింది. కమిటీ నాలుగుసార్లు కూర్చుంది, ఫైలు రెండొందల పేజీలు దాటింది, ముందువరస మాత్రం ఖాళీగానే ఉంది. సోమసుందరం గారు తమ అశక్తతని సవినయంగా పైకి రాసుకున్నారు.

దాంతో రాజధాని నుంచి రాష్ట్ర తొట్ల పర్యవేక్షణాధికారి దిగారు. డాక్టర్ పద్మలోచన్ గారు. దేనికి డాక్టరో ఎవరూ చెప్పలేదు, అడిగే హోదా మాకు లేదు. ఆయన తోలుసంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి, అందులోంచి గాజుగొట్టం తీసి, రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నారు. గొట్టంలో ఒక్క మొక్క. సన్నటి కాడ, కాడ చివర నాలుగు చిన్న ఆకులు.

"దీన్ని సింగపూరు నుంచి తెప్పించాం. స్వదేశీ మొక్క ఎలా ఉండాలో తెలియడానికి విదేశీ నమూనా అవసరమైంది. చూడండి ఆ సౌష్ఠవం! నాలుగు పత్రాలు. మూడు కాదు, ఐదు కాదు. ఇటువంటి క్రమశిక్షణ గల మొక్కను మన దేశంలో అన్వేషించడమే మన ముందున్న కర్తవ్యం" అన్నారు.

నేను చూడగానే గుర్తుపట్టాను. అది మా ఊళ్ళ వరిచేలల్లో పుట్టే నాలుగాకుల కలుపు! చిన్నప్పుడు మా అమ్మ కలుపుతీతకి వెళ్తే గట్టుమీద కూర్చుని నేను ఈ ఆకులతోనే ఆడుకునేవాణ్ణి. నోటిదాకా వచ్చింది. హోదా గుర్తొచ్చి మింగేశాను.

నేను మింగాను గానీ, బెంచీమీద కూర్చున్న నూకరత్నం మింగలేదు.

బండారు నూకరత్నం గోగుదిబ్బలో ఎకరంన్నర కౌలుకి చేస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. ఎగువవాళ్ళు కాలవ నీళ్ళు తన వంతుకి రానివ్వడం లేదని మూడోసారి అర్జీ తెచ్చుకుంది. నిబంధన ప్రకారం పదినిమిషాలు తొట్టికేసి చూస్తూ కూర్చుంది. డాక్టరుగారు గొట్టంలోంచి మొక్కని తీసి తొట్టిలో దింపగానే ఆవిడ ముందుకు వంగి చూసింది.

"ఇదేటండీ, గాజుతొట్లో కలుపెట్టారు?" అంది.

డాక్టరుగారి చెయ్యి తొట్టిలోనే ఆగిపోయింది. చేపలు కూడా ఓ క్షణం ఆగినట్టే అనిపించింది.

"ఏమన్నావమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"నాలుగాకుల కలుపండి. మా చేలో బండెడుంది. రేపు తీతకి ఆడోళ్ళని పిలిచాను. మీకు కావాలంటే పీకిందంతా గంపకెత్తి అట్టుకొచ్చేత్తానండి. ఊరికేనే. పెద్ద ఇదేముందండి!"

అక్కడితో అయిపోవాల్సిన కథ. గంపెడు కలుపు తెచ్చి తొట్టిలో గుచ్చేసి, ఆవిడకి నీళ్ళ వంతు ఇప్పించేస్తే అందరం ఇళ్ళకి పోయేవాళ్ళం. కానీ ఊరికే ఇచ్చే మొక్కని తీసుకోడానికి నిబంధన లేదు. పైగా గంపలో వచ్చిన మొక్క ఎక్కడ పుట్టిందో, ఎవరి సమక్షంలో పుట్టిందో ఎవరు ధ్రువీకరిస్తారు?

"మొక్కను మూలస్థానంలోనే గుర్తించాలి. అంతవరకు ఎవరూ ఒక్క ఆకు కూడా ముట్టరాదు" అన్నారు డాక్టరుగారు.

మర్నాడు పొద్దున్నే రెండు జీపుల్లో గోగుదిబ్బ వెళ్ళాం. నలుగురు ఆడవాళ్ళు అప్పటికే చేలో దిగి, వరసగా ఒంగి కలుపు తీస్తున్నారు. డాక్టరుగారు జీపు ఆగకముందే దూకి, "ఆపండి!" అని కేక పెట్టారు. ఆడవాళ్ళు నడుములెత్తి, పామేమోనని కాళ్ళ దగ్గర వెతుక్కున్నారు.

ఆయన గట్టుమీద మోకాళ్ళ మీద కూర్చుని, వరి మొదళ్ళ మధ్య దట్టంగా పరుచుకున్న నాలుగాకుల్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు. అప్పటికప్పుడు ఫొటో తీయించి, దాని కింద "ఇదే ముందువరస మొక్క అని ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఒక నకలు నూకరత్నం చేతికిచ్చారు. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి బొడ్లో దోపుకుంది.

"మరి తీత కానివ్వమంటారాండి?" అని అడిగింది.

"తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు ఈ క్షేత్రంలో కలుపు తీయరాదు."

"అదేటండీ! నాట్లేసి ఇరవై రోజులైంది. ఇప్పుడు తీయకపోతే వరి పిలకెయ్యదండి. పంట పోద్ది. ఈ చేను కోసం ఆసామి చుట్టూ మూడేళ్ళు తిరిగానండి. మొదటి పంటే పోగొట్టానంటే, ఆయన మళ్ళీ నా మొహం చూడ్డండి. ఇంకోళ్ళకిచ్చేత్తాడు."

సోమసుందరం గారు ఆప్యాయంగా ముందుకొచ్చారు. "చూడు తల్లీ. పంట ఏటా వస్తుంది. గుర్తింపు జీవితంలో ఒక్కసారే వస్తుంది."

"గుర్తింపు వండుకు తింటామాండి?" అంది నూకరత్నం. ఆయన దాన్ని ప్రశ్నగా పరిగణించలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఒక చట్టపరమైన చిక్కు లేచింది. కౌలురైతు చేలో కలుపు తీయొద్దని చెప్పడానికి మాకు అధికారం ఏది? ధనకోటి రెండు గంటలు పుస్తకాలు తిరగేసి ఉపాయం చెప్పాడు. మా అధికారమంతా తొట్టి మీద. కాబట్టి చేనుని మా తొట్టిలో భాగంగా ప్రకటించేస్తే సరి. వరండాలో ఉన్నది తొట్టి ఒకటో భాగం, గోగుదిబ్బలో ఉన్నది తొట్టి రెండో భాగం. మధ్యలో ఆరు కిలోమీటర్ల దూరం ఉండటాన్ని ఎక్కడా నిషేధించలేదు.

తొట్టి అయ్యాక దానికి తొట్టి నిబంధనలన్నీ వర్తిస్తాయి కదా. మూడోనాటికి గట్టుమీద బోర్డులు లేచాయి. "గాజును తట్టరాదు." "చేపలకు మేత వేయరాదు." గోగుదిబ్బ జనం వచ్చి, గాజెక్కడుందా అని చేను చుట్టూ తడుముకుంటూ తిరిగారు. చేపలు లేని తొట్టి తొట్టి కాదని గోవిందస్వామి లేవదీస్తే, పన్నెండు రంగుచేపలు తెచ్చి చేలో వదిలాం. సాయంత్రానికి కొంగలు పన్నెండింటినీ తినేశాయి. "చేపలు వేరొక చోటికి బదిలీపై వెళ్ళినవి" అని రిపోర్టు రాశాను. తరవాత అర్జీదారుల బెంచీ ఒకటి గట్టుకి చేరింది. గోగుదిబ్బ చుట్టుపక్కలవాళ్ళు ముందు ఆ బెంచీ మీద పదినిమిషాలు కూర్చుని వరిచేను చూసి, అక్కడి రిజిస్టర్లో కోపం రాయించుకుని, అప్పుడు ఆఫీసుకి రావాలి. పొద్దంతా సొంత చేలల్లో చచ్చేటట్టు పనిచేసినవాళ్ళు, కోపం తగ్గించుకోడానికి పక్కవాళ్ళ చేను చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఒక్క మంచి జరిగింది. తొట్టిలో నీరు తగ్గరాదని నిబంధన ఉండటంతో, సోమసుందరం గారు కాలవ నీళ్ళు వదిలే లస్కరుకి గట్టిగా ఉత్తర్వు ఇచ్చారు: ముందు ప్రభుత్వ తొట్టికి, తరవాతే ఎవరికైనా. మూడు అర్జీలకి కదలని నీళ్ళు రాత్రికి రాత్రి వచ్చి చేలో పడ్డాయి. నూకరత్నం అర్జీ పరిష్కారమైనట్టు నమోదు చేసి ఫైలు మూసేశాం.

"నీళ్ళొచ్చాయి సరే, కలుపు కూడా తాగుతోంది గదండీ" అని ఆవిడ వచ్చి మొత్తుకుంది. నిజమే. నాలుగాకులు చాపలా అల్లుకుపోతున్నాయి, వరి పచ్చదనం తగ్గి పాలిపోతోంది. నేను ఫైలులోకి తలదూర్చాను. సిగ్గేసింది, చెప్పొద్దూ.

రెండోవారం డాక్టరుగారు తనిఖీకి వచ్చారు. గట్టుమీద నిలబడి కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఈ పొడుగాటి గడ్డి ఏమిటి?"

"వరండి" అంది నూకరత్నం.

"ఎవరు నాటారు?"

"నేనేనండి. నాకాడే ఉంది చేను."

"ముందువరసలో పొడుగుజాతి మొక్క! అనుమతి లేకుండా! ముందువరస మొక్కల మీద నీడ పడుతోంది గమనించారా?" అని ఆయన సోమసుందరం గారి వైపు తిరిగారు. "ఇది వెనకవరసలో ఉండాల్సినది. పదిరోజుల్లోగా ఈ వరినంతా ఉత్తరపు గట్టువైపు జరిపించండి. జరపలేకపోతే తొలగించండి."

"జరపడమేటండీ!" నూకరత్నం చేలోకి దిగి అడ్డంగా నిలబడింది. "వరి చేలో ఉంటదండి. ఆఫీసులో బెంచీలాగ అటు జరుపు ఇటు జరుపు అంటే ఎట్టాగండీ? ఏళ్ళు తెగిపోతే చచ్చిపోద్దండి. నా పంటండి అది. మీకు దండం పెడతాను."

"ఆగ్రహం కనిపిస్తోంది. బెంచీ మీద పదినిమిషాలు కూర్చోబెట్టండి" అన్నారు డాక్టరుగారు.

కూర్చోబెట్టాం. తన చేనుకేసే చూస్తూ పదినిమిషాలు కూర్చుంది. ఎంత తగ్గిందని నేను అడగలేదు.

మర్నాడు భోజనాల వేళ ఆవిడ ఆఫీసుకి వచ్చింది. లోపలికి రాకుండా సైకిళ్ళ షెడ్డు దగ్గర నిలబడి చెయ్యూపింది. వెళ్ళాను.

"తమ్ముడూ, వరి జరపమన్నదానికి ఇంకా తొమ్మిది రోజులే గడువు. ఆ పథకం పుస్తకంలో ఇంకా ఏటేటి రాశారో, మొదట్నించి చదివి పెట్టు. నీకు పున్నెముంటది."

తమ్ముడూ అని పిలిచాక కాదనలేకపోయాను. పుస్తకం తెచ్చి, సైకిలు మీద ఆనించి, ఒక్కముక్క వదలకుండా చదివాను. తొట్టి కాళ్ళెన్ని, మూత ఎలా తియ్యాలి, చేపకి జబ్బుచేస్తే సెలవు ఎవరు మంజూరు చేయాలి, అన్నీ. ఆవిడ ఊఁ కొడుతూ విన్నది. పద్నాలుగో నిబంధన దగ్గర చెయ్యెత్తింది.

"ఇది మళ్ళీ చదువు."

"ముందువరస మొక్క రెండంగుళములకు మించి పెరిగినచో, సదరు మొక్క ముందువరస హోదాను కోల్పోవును. హోదా కోల్పోయిన మొక్కను, పర్యవేక్షణాధికారి మొదలుకొని సంబంధిత సిబ్బంది ఎల్లరును, హోదా తారతమ్యము లేక, స్వహస్తములతో, ఇరవైనాలుగు గంటలలోగా సమూలముగా తొలగించవలెను. కూలీలను నియోగించరాదు."

"కూలోళ్ళని పెట్టకూడదా?"

"కూలివాళ్ళు చేపల్ని భయపెడతారని పైవాళ్ళ ఉద్దేశం అక్కా."

"నాలుగాకులది పొట్టిగా ఎప్పుడుంటదో తెలుసుగా నీకు? నీళ్ళు పల్చగా ఉంటే" అంది. తరవాత చెయ్యి జానెడెత్తుకి లేపి చూపించింది. "నీళ్ళు లోతైతే?"

తెలియకేం! లోతు నీళ్ళల్లో దాని కాడ సాగుతుంది. ఆకు నీటిమీద తేలేదాకా ఆగదు. జానెడు నీళ్ళుంటే జానెడు కాడ. ఆ ముక్క పై అధికారులెవరికీ తెలీదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి నేను తెలిసిన విషయం చెప్పేశాను.

"అక్కా, తొట్టిలో నీరు తగ్గరాదని ఉంది. పెరగరాదని ఈ పుస్తకంలో ఎక్కడా లేదు."

నూకరత్నం నవ్వు నేను చూడటం అదే మొదలు. పైట దోపుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా చేలోంచి నీళ్ళు బయటికి పోయే మడవని మట్టితో మూసేసి, గట్లు ఎత్తు చేసింది. లస్కరు ఉత్తర్వు ప్రకారం నీళ్ళు వదులుతూనే ఉన్నాడు. అప్పటికి మూరెడెత్తున్న వరికి ఆ జానెడు నీళ్ళతో తొమ్మిది రోజులు పెద్ద ఇబ్బంది లేదు. కలుపు మాత్రం ఊపిరి కోసం పైకి సాగడం మొదలుపెట్టింది.

పదోరోజు పొద్దున్న వరి తొలగింపు కార్యక్రమానికి అందరం గట్టుమీదికి చేరాం. డాక్టరుగారు, సోమసుందరం గారు, ధనకోటి, గోవిందస్వామి, ఇద్దరు గుమాస్తాలు, నేను. ఊరు ఊరంతా వచ్చింది. కలుపు ఆడవాళ్ళు నలుగురూ అర్జీదారుల బెంచీ మీద సర్దుకు కూర్చున్నారు. నూకరత్నం చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"పీకండి బాబూ, మీ ఇష్టం. కాకపోతే పీకే ముందు ముందువరస కొలవాలని పుస్తకంలో ఉందటగదండీ. రూలు రూలేగా మరి."

రూలు అనే మాట చెవిన పడితే సోమసుందరం గారు నిలబడలేరు. "అవును, కొలవాలి" అన్నారు. గోవిందస్వామి ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, ఒక మొక్కని వేరు నుంచి ఆకు దాకా స్కేలుకి ఆనించాడు. రెండోది కొలిచాడు. మూడోది కొలిచాడు.

"ఎంత?" అన్నారు డాక్టరుగారు.

"ఏడుంబావండి."

"ఏడుంబావు ఏమిటి?"

"అంగుళాలండి."

గట్టుమీద ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే ఇది ఆ మొక్క కాదు" అన్నారు.

నూకరత్నం బొడ్లోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, మడతలు విప్పి, కాగితం చూపించింది. "అదేనండి. తమరే ముద్దరేశారు. చూసుకోండి."

ఆయన చూసుకున్నారు. సంతకం ఆయనదే. సోమసుందరం గారు నావైపు తిరిగి, "సత్తిరాజూ, ఇటువంటి సందర్భంలో నిబంధన ఏమంటోంది?" అని అడిగారు. నేను పద్నాలుగో నిబంధన తీసి, అక్షరం పొల్లు పోకుండా, గట్టిగా, గట్టు చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడేటట్టు చదివాను. నా గొంతు అంత బావుంటుందని నాకే తెలీదు. "పర్యవేక్షణాధికారి మొదలుకొని" దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ చదివాను.

"వరి సంగతి?" అని డాక్టరుగారు నీరసంగా అన్నారు.

ధనకోటి తల గోక్కున్నాడు. "ముందువరసే లేనప్పుడు వెనకవరస ప్రశ్న ఉత్పన్నం కాదండి. తొట్టి రెండో భాగం కూడా... రద్దే అనుకోవాలండి."

కొలత కాగితం మీద అందరి సంతకాలూ పడ్డాకే నూకరత్నం మడవ తెంచింది. నీళ్ళు బుడబుడమంటూ దిగిపోయాయి. ఇరవైనాలుగు గంటల్లో ఎకరంన్నర, మేం ఏడుగురం. సోమసుందరం గారు వాచీ తీసి జేబులో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, "ప్రభుత్వ ఉత్తర్వు" అని ఒక్క మాటన్నారు. అందరం దిగాం.

కలుపు తియ్యడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అరగంటకి నడుం ఎక్కడుందో తెలియలేదు. గంటకి, అది ఎక్కడుందో తప్ప ఇంకేమీ తెలియలేదు. బెంచీ మీద ఆడవాళ్ళకి పండగే పండగ.

"ఓ బాబుగారో, మోకాళ్ళు కాదండీ, నడుం వంచండి!"

"వరస తప్పుతున్నారు, ఇనస్పెట్రుగారూ! పక్కాయనతో కబుర్లేటండీ?"

"ఆయ్, కళ్ళద్దాలాయనా, మొదలట్టుకుని పీకండి. ఆకులు గిల్లితే మళ్ళీ మొలుత్తాది!"

డాక్టరుగారు గుప్పెడు పీకి గట్టుమీదికి విసిరారు. నూకరత్నం పరుగెత్తుకొచ్చింది.

"బాబూ బాబూ, అది వరండి! నాలుగాకులుంటేనే పీకండి. లెక్కెట్టుకోండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొందరేం లేదు, ఇరవైనాలుగు గంటలున్నాయి గదా."

అప్పట్నించీ రాష్ట్ర తొట్ల పర్యవేక్షణాధికారి పైకి లెక్కపెట్టుకుంటూ కలుపు తీశారు. ఆవిడ ఆయన పీకిన వరి మొదళ్ళని తిరిగి గుచ్చుకుంటూ వెనకాలే నడిచింది. ఆవిడ పద్ధతిగా వెంటబడి చెయ్యించింది గానీ, ఎవర్నీ ఒక్క దుర్భాష ఆడలేదు. మజ్జిగ కూడా ఇచ్చింది. పొద్దు వాలేసరికి చేలో నాలుగాకులన్నవి లేవు. వరి మొదళ్ళకి గాలి తగిలి, చేను చేనంతా తేటగా కనిపించింది. నూకరత్నం గట్టుమీద నిలబడి ఆ మూల నుంచి ఈ మూలకి ఒకసారి చూసుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "బతికింది నా చేను" అంది.

మేం ఏడుగురం గట్టుమీద ఎక్కడివాళ్ళం అక్కడ కూలబడ్డాం. డాక్టరుగారికి మాత్రం పథకం మీద ఆశ చావలేదు. రాజధానికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి కదా.

"రిజిస్టరు... తీయండి. ఆ అమ్మ ఆగ్రహం ఇప్పుడు... ఎంత శాతం తగ్గిందో రాయండి" అన్నారు రొప్పుతూ.

నేను రిజిస్టరు తీసి, "అక్కా, ఎంత తగ్గిందంటావు?" అని అడిగాను.

నూకరత్నం బెంచీ మీద ఆడవాళ్ళ పక్కన కూర్చుని, కాళ్ళు చాపుకుని, బురదలో మునిగిన మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే తీరిగ్గా చూసింది.

"నిజం చెప్పేదా తమ్ముడూ? చేపల్ని చూసినప్పుడు ఏం తగ్గలేదు. మీరంతా ఒంగుని పని చేత్తంటే పొద్దున్నుంచి చూశాను. మొత్తం పోయింది. వందకి వందా రాసుకో."

"కారణం?"

"చెప్పాను గదా. అదే రాయి."

సోమసుందరం గారి వైపు చూశాను. ఆయన నడుం పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకాలకి చుట్టూ తిప్పాను. మా వేళ్ళు కొంకర్లు పోయి ఒక్కళ్ళకీ పెన్ను నిలవలేదు. డాక్టరుగారు రెండుసార్లు ప్రయత్నించి, చివరికి బురద బొటనవేలు కాగితం మీద నొక్కారు. ఆయన కింద తహసీల్దారు గారు, ఆయన కింద మేమంతా వరసగా నిశానీలు వేశాం. నూకరత్నం మాత్రం చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పెన్ను అడిగి తీసుకుని, గుండ్రటి అక్షరాలతో పేరంతా రాసి సంతకం పెట్టింది.